దేవుడి పటం జాబితాలో లేదు

తుఫాన్ల నెలలు వచ్చాయి కాబట్టి ఈసారి ఉత్తరాలన్నీ ఒకే దారిలో ఉన్నాయి. వరదలప్పుడూ తుఫాన్లప్పుడూ సాయానికి వెళ్ళినవాళ్ళు, సాయం అందుకున్నవాళ్ళు దేవుడి గురించి, కర్మకాండల గురించి, ప్రార్థనల గురించి అడిగారు. నా సంగతి కొత్త పాఠకులకు రెండు ముక్కల్లో చెబుతాను. మాది అవనిగడ్డ పక్క పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు పదిహేడేళ్ళు. తర్వాత సోషల్ వర్క్ చదివి, సునామీ అనీ హుద్‌హుద్ అనీ ఎక్కడ నీళ్ళొస్తే అక్కడికి వెళ్ళి పనిచేశాను. ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోక ఇంట్లో కూర్చుని ఉత్తరాలకు జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో వాలంటీరుగా పనిచేశాను. ఒక మామ్మగారు నా చెయ్యి పట్టుకుని "నేనేం పాపం చేశాను నాయనా, దేవుడు నాకే ఎందుకిలా చేశాడు" అని ఏడ్చారు. "మీ పాపం కాదండీ, కాలువకి గండ్లు పడ్డాయి, అందుకే నీళ్ళొచ్చాయి" అన్నాను. ఆవిడ మొహం తిప్పేసుకున్నారు. మతం మాటలు మాట్లాడకూడదని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. మరి ఏమనాలి?
— సోషల్ వర్క్ విద్యార్థి, విజయవాడ

బాబూ, సిగ్గుపడకు. గండ్లు పడ్డ మాట నిజమే. కానీ ఆవిడ నిన్ను అడిగింది ఇరిగేషన్ సంగతి కాదు. మన వైపు ఆడవాళ్ళు ఏడ్చేటప్పుడు "నేనేం పాపం చేశాను" అన్నది శోకంలో మొదటి మాట. దాని తర్వాత అసలు సంగతి వస్తుంది. కొట్టుకుపోయిన కుట్టుమిషనో, తడిసిపోయిన మనవరాలి సర్టిఫికెట్లో, మూడు రాత్రులు మేడ మీద మంచినీళ్ళు లేకుండా గడపడమో. నువ్వు మొదటి మాటకే జవాబు చెప్పేశావు. రెండో మాట ఆవిడ గొంతులోనే ఉండిపోయింది.

మా పెదనాన్న సంగతి చెబుతాను. ఉప్పెనలో ఆయన భార్య, ఇద్దరు పిల్లలు పోయారు. కాలవ గట్టు మీద కూర్చుని ఉండేవాడు, పలికేవాడు కాదు. వచ్చినవాళ్ళంతా ఏదో ఒకటి చెప్పి వెళ్ళేవారు. దైవ నిర్ణయం అని ఒకరు, ప్రభువు చిత్తం అని ఒకరు, ప్రభుత్వం ఆదుకుంటుందని మరొకరు. కాషాయం కట్టుకున్న ఒక కుర్ర సన్యాసి మాత్రం మూడు రోజులు మా పెదనాన్న ఇంటి జాగాలో బురద ఎత్తిపోశాడు. నాలుగో రోజు పెదనాన్నే నోరు తెరిచి, "స్వామీ, ఇదంతా నా కర్మేనా?" అని అడిగాడు. ఆ కుర్రాడు పార కిందపెట్టి "నాకు తెలియదండీ" అన్నాడు. మా పెదనాన్న చచ్చిపోయేదాకా ఈ ముక్క అందరికీ చెప్పేవాడు. "కాషాయం కట్టినవాడే తెలీదన్నాడ్రా" అని. ఆ మాటలో ఆయనకేం దొరికిందో నేను విడమరిచి చెప్పలేను. మర్నాడు లేచి బావిలో నీళ్ళు తోడించడం మొదలుపెట్టాడు, అంతే.

అయితే అన్నిసార్లూ ఊరుకుంటే సరిపోదు. "కర్మ" అనే మాటని మనవాళ్ళు రెండు రకాలుగా వాడతారు. "మన చేతుల్లో ఏముందమ్మా, ఆయన రాసింది" అని లేచి పొయ్యి వెలిగించుకునే మనిషికి ఆ మాట చేతికర్రలాంటిది. దాన్ని లాక్కోకు. "నా పాపం వల్లే పిల్లాడు పోయాడు" అనే మనిషికి అదే మాట కత్తి. అక్కడా వాదం పెట్టుకోకు. "ఆ రాత్రి ఏం చేశారమ్మా?" అని అడుగు. కొంగుతో పిల్లాణ్ణి నడుముకి కట్టుకున్న సంగతి, తాడిచెట్టు పట్టుకున్న సంగతి, చేతులు మొద్దుబారేదాకా వదలని సంగతి ఆవిడే చెబుతుంది. చెబుతూ తనే వింటుంది. తాను చేయగలిగిందంతా చేశానని ఆవిడ నోటితో ఆవిడ అనుకోవడానికీ, మనం "మీ తప్పు లేదు" అనడానికీ చాలా తేడా ఉంది. వారాలు గడిచినా తిండీ నిద్రా లేకపోయినా, చావు మాటలు మాట్లాడుతున్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మాత్ర వేసుకుంటే దేవుడికి కోపం రాదని ఆవిడ నమ్మే పూజారితోనో పాస్టరుతోనో చెప్పించు, నీకన్నా బాగా చెబుతారు.

ఇంకో సంగతి, ఇది నీ ట్రైనింగ్‌లో లేదు. 1977లో మాకు పంచిన వాటిలో బియ్యం, పప్పు, దుప్పట్లు, గిన్నెలు ఉన్నాయి. చేట కూడా ఇచ్చారు. దేవుడి పటం లేదు. మా మేనత్త కొత్త పాక తడిక మీద పసుపు ముద్ద అద్ది, దానికి కుంకం పెట్టి, రేషను కిరసనాయిలుతో దీపం వెలిగించేది. పాక అంటుకుంటుందని మా అమ్మ తిట్టేది. ఇది మనసులో ఉండి, చాలా ఏళ్ళకు నేను సర్వే ఫారాలు రాసే స్థాయికి వచ్చాక ఒక గడి కలిపాను: "పూజకో ప్రార్థనకో ఇంట్లో ఉండి పోయిన వస్తువు ఏమిటి?" పై అధికారి నవ్వాడు. ఫారాలు తిరిగొచ్చాక నవ్వలేదు. వేంకటేశ్వరస్వామి పటం, పెద్ద అక్షరాల తెలుగు బైబిలు, నమాజు చేసుకునే చాప, తులసికోట. ఒకావిడ "మా ఆయన ఫోటో" అని రాయించింది. వస్తువులకైన ఖర్చు ఆ నెల మా జీపు డీజిలు కన్నా తక్కువ. ఫోటో మాత్రం ఎక్కడా దొరకలేదు. చివరికి ఆయన ఓటరు కార్డు నకలు సంపాదించి, దాన్ని పెద్దది చేయించి ఇచ్చాం.

ప్రశ్న: మా ఊళ్ళో తుఫాను షెల్టరు పాడైపోయింది. గుడి కల్యాణ మండపమే గతి. బహిష్టులో ఉన్న ఆడవాళ్ళు, పురిటి మైల ఉన్నవాళ్ళు తుఫాను రాత్రి కూడా రామంటున్నారు. ఎలా ఒప్పించాలి?
— అంగన్‌వాడీ టీచరు, కృష్ణా జిల్లా

తుఫాను రాత్రి ఒప్పించలేరమ్మా. సెప్టెంబరులోనే పూజారిగారి దగ్గరికి వెళ్ళండి. మూఢనమ్మకం అంటూ మొదలుపెడితే తలుపు మూసుకుంటారు. ఆపద్ధర్మం అనే మాట వాడండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మామూలు నియమాలు సడలుతాయని శాస్త్రమే ఒప్పుకుంది, భారతంలో శాంతిపర్వంలో దాని పేరనే ఒక భాగం ఉంది. తర్వాత సంప్రోక్షణ చేసుకోవచ్చు, దాని ఖర్చు పంచాయతీ పెట్టుకుంటుందని కూడా చెప్పండి (ఖర్చు మాట వస్తే సగం అభ్యంతరాలు తగ్గుతాయి, నా అనుభవం). ఆ తర్వాత పూజారిగారి చేతే మైకులో చెప్పించండి. మీరు వందసార్లు చెప్పినదానికన్నా ఆయన ఒకసారి "అమ్మలూ, అందరూ రండి" అంటే చాలు.

2019 ఆగస్టులో కేరళలో మలప్పురం జిల్లా కవళప్పారలో కొండచరియ విరిగిపడింది. ఆస్పత్రి దూరమని దగ్గర్లో ఉన్న పోతుకల్లు మసీదు వాళ్ళు నమాజు చేసే హాలునే పోస్టుమార్టానికి ఇచ్చారు. ఏ మతం శవమని అడగలేదు. ఇది కూడా పూజారిగారికి చెప్పండి, ఆయన మనసు చూసి.

ఇంకొకటి. ముందు ఆ మండపం కప్పు ఇంజనీరుకి చూపించండి. ఉప్పెనప్పుడు బాపట్లలో చర్చిలో తలదాచుకున్నవాళ్ళు ఆ భవనం కూలి చనిపోయారు. గోడ గట్టిదనం సున్నం, ఇనుముల సంగతి.

ప్రశ్న: మా తమ్ముడు వేటకి వెళ్ళి తుఫానులో చిక్కుకున్నాడు. పడవ చెక్కలు దొరికాయి, మనిషి దొరకలేదు. ఏడు నెలలైంది. కర్మ చేసేయమని పెద్దలు అంటున్నారు. మరదలు బొట్టు తీయనంటోంది. కాగితాల మీద సంతకం పెట్టమంటే "నేను సంతకం పెడితే నేనే చంపినట్టు" అంటోంది. సాయం చేయడానికి వస్తున్న సంస్థ అమ్మాయి కూడా వాస్తవం ఒప్పుకోవాలని నచ్చజెబుతోంది. మేం ఏం చేయాలి?
— ఒక అన్న, కాకినాడ

ముందు ఆ సంస్థ అమ్మాయిని కొన్నాళ్ళు నచ్చజెప్పడం ఆపమనండి. మీ మరదలికి వాస్తవం తెలియక కాదు. శవాన్ని చూడని మనిషికి మనసులో తలుపు మూసుకోదు. పాలీన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు యుద్ధంలో జాడ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలను చూసి, దీన్ని వేరే రకం ఎడబాటుగా గుర్తించాలని 1970ల నుంచీ చెబుతూ వచ్చారు. మనిషి లేడు, పోయాడని తేలలేదు. అందులో ఉన్నవాళ్ళని తొందరపెడితే ఇంకా బిగుసుకుపోతారు.

మా దివిసీమలో ఇది ఒక్క ఇంటి కథ కాదు. 1977 ఉప్పెనలో పోయినవాళ్ళు అధికారిక లెక్కే దాదాపు పదివేల మంది. తుమ్మచెట్లకు చిక్కుకున్న శవాలను, పొలాల్లో ఉబ్బిపోయినవాటిని గుట్టలుగా వేసి కిరసనాయిలు పోసి కాల్చారు. రోగాలొస్తాయన్న భయం. ప్రకృతి వైపరీత్యంలో చనిపోయినవాళ్ళ శవాల వల్ల మహమ్మారి రాదని, తొందరపడి సామూహికంగా దహనం చేయవద్దని, ఫోటో తీసి నంబరు వేసి ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, రెడ్‌క్రాస్ వాళ్ళు ఇప్పుడు చెబుతున్నారు. అప్పుడు ఆ మాట మాకు చెప్పినవాళ్ళు లేరు. ఏ గుట్టలో ఎవరు కాలారో తెలియని ఇళ్ళలో ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా "మా అక్క ఒరిస్సా వైపు కొట్టుకుపోయి బతికే ఉంటుంది" అనేవాళ్ళను నేను చూశాను. వాళ్ళకు పిచ్చి లేదు. పొలం చేసుకున్నారు, పిల్లల పెళ్ళిళ్ళు చేశారు. ఆ ఒక్క కిటికీ మాత్రం తెరిచి ఉంచుకున్నారు.

2004 సునామీ తర్వాత నాగపట్నం వెళ్ళాను. నాగూరు దర్గా వాళ్ళు తమ శ్మశాన స్థలంలో అన్ని మతాల వాళ్ళనూ పూడ్చనిచ్చారు. అక్కడ తారు రేకుల తాత్కాలిక ఇళ్ళలో ఒక తల్లి రోజూ సాయంత్రం కొడుక్కి కంచంలో అన్నం పెట్టి ఉంచేది. బయటినుంచి వచ్చిన ఒక కౌన్సిలరు దాన్ని జబ్బు లక్షణంగా రాసుకున్నాడు. పక్కింటి ముసలమ్మ ఏమీ అనకుండా రోజూ చీకటిపడ్డాక వచ్చి ఆ కంచంలో అన్నం కాకులకు వేసేది. కాకులకు అన్నం అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. రెండు నెలలకు ఆ తల్లే కాకులకు వేయడం మొదలుపెట్టింది. కౌన్సిలరు అప్పటికే వెళ్ళిపోయాడు.

ఇక మీ ఇంటి సంగతి. కాగితాన్నీ కర్మనూ విడదీయండి. మామూలుగా ఏడేళ్ళపాటు జాడ లేకపోతేనే చట్టం మనిషి పోయాడని అనుకుంటుంది. విపత్తుల్లో మాత్రం విచారణ జరిపి త్వరగా మరణ ధ్రువపత్రం ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. సునామీ తర్వాత ఇచ్చారు, 2013 ఉత్తరాఖండ్ వరదల తర్వాత, 2021లో అదే రాష్ట్రంలో చమోలీ వరద తర్వాత ఇచ్చారు. పోలీసు ఫిర్యాదు, పడవ రిజిస్ట్రేషను, ఆ రోజు పక్క పడవల వాళ్ళ వాంగ్మూలం పట్టుకుని మత్స్యశాఖ వాళ్ళ దగ్గరికీ తహసీల్దారు దగ్గరికీ మీరు తిరగండి, ఆమెను తిప్పకండి. సంతకం తప్పనిసరి అయిన రోజు ఇలా చెప్పండి: "ఇది పిల్లల ఫీజుల కోసం సర్కారుకిచ్చే కాగితం. వాడు రేపు తిరిగొస్తే మనమే వెళ్ళి చింపేద్దాం." ఇది అబద్ధం కాదు, నిజంగా తిరిగొస్తే దాన్ని రద్దు చేయించుకోవచ్చు.

కర్మ మాటకొస్తే, శవం దొరకనివాళ్ళకు దర్భలతోనో మోదుగాకులతోనో బొమ్మ చేసి దహనం చేసే పద్ధతి మనకు ఎప్పటినుంచో ఉంది. అంటే మన పెద్దవాళ్ళకు ఈ కష్టం కొత్త కాదు. ముస్లింలలో శవం ఎదుట లేకుండా జనాజా నమాజు కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు, ఇమాంగారినే అడగాలి. క్రైస్తవుల ఇళ్ళలో జ్ఞాపకార్థ కూడిక పెడతారు. ఏదైనా ఆమె సరే అన్నాకే. పెద్దలకు తొందరగా ఉంటే ఆయన వేటకి వెళ్ళిన తిథి నాడు అన్నదానం పెట్టమనండి, అందులో ఎవరి బొట్టుతోనూ పని లేదు. అసలు ఆ బొట్టు విషయంలో పెద్దలకు అంత పట్టుదల ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. నాగపట్నం వైపు తీరంలో ఇప్పటికీ ప్రతి డిసెంబరు 26న సముద్రంలో పాలు పోస్తారు. పోసేవాళ్ళలో బొట్టు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ పక్కపక్కనే నిలబడతారు.

ప్రశ్న: మా చర్చి యువకులం తుఫాను బాధితులకు బియ్యం పంచుతాం. పంచేముందు ఐదు నిమిషాలు ప్రార్థన చేస్తే తప్పా? గుడివాళ్ళు భజన చేసి పంచుతున్నారు కదా.
— ఒక సంఘ యువకుడు, నరసాపురం

వాళ్ళు చేసేదీ తప్పే నాయనా. ఆకలితో లైన్లో నిలబడ్డవాడు ఆమేన్ అన్నా, గోవిందా అన్నా అది లెక్కలోకి రాదు. వాడు అంటున్నది బియ్యం సంచితో.

1994లో రెడ్‌క్రాస్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఒక నియమావళి రాసుకున్నాయి. సాయం అవసరాన్ని బట్టే ఇవ్వాలి, మతం జాతి చూడకూడదు, సాయాన్ని ఏ రాజకీయ, మత అభిప్రాయాన్నీ ముందుకు నెట్టడానికి వాడకూడదు అని అందులో ఉంది. దాని మీద చర్చి సంస్థలూ సంతకాలు చేశాయి. కాబట్టి ఇది మీకు పరాయి రూలు కాదు. మీ ప్రార్థన మీరు బయల్దేరేముందు చర్చిలో చేసుకోండి. బియ్యం ఇచ్చి పక్కకు రండి. తర్వాత ఎవరైనా "మా కోసం ప్రార్థన చెయ్యి బాబూ" అని అడిగితే కూర్చుని చెయ్యండి, ఎంతసేపైనా. అడిగేవాళ్ళు ఉంటారు, చాలామందే ఉంటారు.

మతం పేరున వచ్చినవాళ్ళని నేను తక్కువ చేయడం లేదు. మా సీమకి రామకృష్ణ మిషన్ వచ్చింది, క్రైస్తవ సంస్థ కాసా వచ్చింది, ఆర్‌ఎస్‌ఎస్ వాళ్ళు వచ్చారు. శవాలెత్తారు, ఇళ్ళు కట్టారు. ఎవరు కట్టించారో శిలాఫలకాలు చెబుతాయి, దీనదయాళ్‌పురం లాంటి ఊరి పేర్లూ చెబుతాయి. సర్కారు జీపు రాకముందే వచ్చినవాళ్ళు వీళ్ళలో ఉన్నారు. నమ్మకం మనిషిని బురదలోకి దింపింది, సంతోషం. దిగాక బురద ఎత్తిపోయాలి, అంతే.

మీలాంటి కుర్రాళ్ళకు తట్టని సంగతి ఒకటుంది. ఫోటోలు. దళితవాడల్లో ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి చాలాసార్లు కాగితం మీద హిందూ ఎస్సీ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా ఉండదు. మీరు ఉత్సాహంగా "మన సంఘం సాయం" అని ఆయన చేతులు జోడించిన ఫోటో ఫేస్‌బుక్‌లో పెడితే, రేపు ఆయన కూతురి సర్టిఫికెట్ మీద ఎవడో అర్జీ పెడతాడు. నా సర్వేలో మతం గడి పెట్టకుండా వస్తువు పేరు మాత్రమే అడిగింది అందుకే.

ప్రశ్న: వరద తర్వాత మా ఊరికి వచ్చిన ఒక ప్రవచనకారుడు ఇదంతా మన పాపాలకు శిక్ష అన్నాడు. కుర్రాళ్ళు కొట్టబోయారు. మీరేమంటారు?
— రైతు, ఖమ్మం జిల్లా

కొట్టకండి. ఆ మాట అన్నవాళ్ళలో గాంధీగారు కూడా ఉన్నారు. 1934 జనవరి 15న బీహారులో భూకంపం వచ్చి వేలమంది పోతే, అది అంటరానితనం అనే పాపానికి దేవుడి శిక్ష అన్నారాయన. ఆయన ఉద్దేశం మంచిదే. అయినా రవీంద్రనాథ్ ఠాగూర్ ఊరుకోలేదు, ప్రకృతి ఉత్పాతానికి నీతిని ముడిపెట్టడం తర్కం కాదని రాసి పంపారు. గాంధీ ఆ ఉత్తరాన్ని తన 'హరిజన్' పత్రికలోనే అచ్చువేసి, కింద తన జవాబు రాశారు. నాకు ఠాగూరు పక్షమే. శిక్ష అంటే మరి ఎత్తు మేడల్లో ఉన్నవాళ్ళు పుణ్యాత్ములా? నీళ్ళు పల్లానికే పోతాయి, పల్లంలో ఎవరి ఇళ్ళుంటాయో మీ ఊళ్ళో మీకు తెలుసు. ఆ ప్రవచనకారుణ్ణి ఈ ప్రశ్న మర్యాదగా అడగండి, మైకు ఆయన చేతిలో ఉండగానే.

ప్రశ్న: వరదల్లో శవాలు వెలికితీసే బృందంలో పనిచేశాను. మూడు నెలలుగా గుడికి వెళ్ళబుద్ధి కావడం లేదు. దీపం పెట్టినా ఆ వాసనే. అమ్మ బాధపడుతోంది.
— వాలంటీరు, విజయవాడ

నిద్ర పడుతోందా? పట్టకపోతే పైన చెప్పిన నంబరు మీకు కూడా. ఒక్కరే మోయకండి, మీతో పనిచేసినవాళ్ళను వారానికోసారి టీకి పిలవండి. నాగపట్నంలో శవాలు ఎక్కువగా ఎత్తింది వేరే ఊళ్ళనుంచి తెచ్చిన మునిసిపాలిటీ సఫాయి కార్మికులు. దాదాపు అందరూ దళితులు. మాకు కౌన్సెలింగ్ సెషన్లు పెట్టారు, వాళ్ళకు చేతి తొడుగులే సరిగ్గా ఇవ్వలేదు. వాళ్ళలో ఒకాయన రోజూ సాయంత్రం స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, గుడిలోకి వెళ్ళకుండా వీధి చివర నిలబడి దణ్ణం పెట్టేవాడు. ఎందుకని నేను అడగలేదు. అడగాల్సింది.

గుడికి వెళ్ళాలనిపించేదాకా వెళ్ళకండి. నాగపట్నం నుంచి వచ్చాక రెండేళ్ళు నేనూ దీపం పెట్టలేదు. మా అమ్మ ఒక్క మాట అనలేదు, రోజూ రెండు దీపాలు పెట్టేది. రెండోది ఎవరికని అడిగితే "నీ బదులు" అంది. మూడో ఏడు కార్తీక సోమవారం నాడు నూనె అయిపోయిందని నన్ను కొట్టుకి పంపింది. వెళ్ళి తెచ్చాను.